అలీ తొడిగిన గ్లవ్ అంటూ అమ్మజూపితే ముందు తూకం వేయండి

"బాక్సర్ ముహమ్మద్ అలీ రింగులో తొడిగినది, సంతకంతో సహా" అనే బేరాలతో జాగ్రత్త. డబ్బు కట్టాక చేతికొచ్చేది బూట్ పాలిష్ రుద్ది పాతబరిచిన ట్రైనింగ్ గ్లవ్ కావచ్చు. అమ్మేవాడు ముందు కథ చెప్తాడు. బాక్సింగ్‌లో కథలకు కరువా! ఆ కథతోనే సరుకును నిలదీయండి.

ఉదాహరణకు చిరిగిన గ్లవ్ కథ. 1963 జూన్ 18న లండన్ వెంబ్లీలో నాలుగో రౌండు చివర హెన్రీ కూపర్ ఎడమ హుక్‌కి క్లే (అప్పటికి అలీ పేరు కాసియస్ క్లే) కింద పడ్డాడు, గంట మోగి బతికిపోయాడు. క్లే తేరుకోవడానికి సమయం దొరకాలని అతని గ్లవ్ కుట్టు దగ్గరున్న చిన్న చిరుగును వేలితో పెద్దది చేశానని అతని ట్రైనర్ ఏంజెలో డండీ తర్వాత తనే ఒప్పుకున్నాడు. సరే, ఆ రాత్రే పెట్టిన సంతకమని చూపేదాని మీద "ముహమ్మద్ అలీ" అని ఉంటే? ఆ పేరు వచ్చింది 1964 మార్చిలో!

1981 డిసెంబర్ 11న బహామాస్‌లోని నసావ్‌లో అలీ ఆఖరి పోటీ ఇంకా విడ్డూరం. రింగు గంట లేక ఆవు మెడ గంట వాయించారు. అండర్‌కార్డ్ బౌట్లకు, అంటే అసలు పోటీకి ముందు జరిగే చిన్న పోటీలకు, రెండే జతల గ్లవ్‌లు ఉండటంతో లేసులు కోయకుండా విప్పి, తర్వాతివాళ్లకు తొడిగారు. ఆ అండర్‌కార్డ్‌వే అంటూ నాలుగైదు జతలు పరిస్తే నవ్వుకుని వచ్చేయండి.

వంటింటి డిజిటల్ కాటా చాలు. పోటీ గ్లవ్ 8 లేదా 10 ఔన్సులు, అంటే 227 లేదా 283 గ్రాములు. పాతదైతే కాస్త అటూ ఇటూ. 450 దగ్గర తూగితే అది స్పారింగ్‌కు, అంటే సాధన పోటీలకు, వాడే 16 ఔన్సులది. లేసులకు బదులు వెల్క్రో పట్టీ ఉంటే ఇక చూడక్కర్లేదు, అది అలీ పోటీ గ్లవ్ కాదు. బొటనవేలును గ్లవ్‌కు కలిపి కుట్టడం 1980లలో మొదలైన పద్ధతి, 1971లో జో ఫ్రేజర్‌తో అలీ ఆడిన పోటీ గ్లవ్‌కు అది ఉండదు.

సంతకాన్ని భూతద్దంతో చూడండి. చుక్కలు చుక్కలుగా కనిపిస్తే అచ్చు వేసింది. గీత మొదలూ చివరా ఒకే మందంగా, మొద్దుగా ఉంటే మెషీన్ పెన్ను పని. పార్కిన్సన్స్ అనే నరాల జబ్బు వల్ల అలీ చేతిరాత పోనుపోను చిన్నదై వణికింది, 1990ల తేదీతో దర్జాగా సాగిన సంతకం అనుమానించాల్సిందే.

సంతకం అసలుదని చెప్పే సర్టిఫికెట్ నంబరును అమ్మేవాడు పంపిన లింకులో కాకుండా అది ఇచ్చిన కంపెనీ సైటులో మీరే కొట్టి చూడండి. నంబరు అసలుదే అయినా వేరే వస్తువుది కావచ్చు, అక్కడి ఫొటోలో సంతకం మలుపులు పోల్చండి.

యూపీఐలో అడ్వాన్సు వద్దు, కార్డయితే బ్యాంకులో వివాదం వేయొచ్చు. ఇప్పటికే పంపేసి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.