స్కూబా కోర్సు 21,999 అంటే నమ్మి పోకుండ్రి: నాకు 47,259 పడ్డది

ఫోన్ల యాడ్ చూసి స్కూబా (గాలి సిలిండర్ వీపుకు కట్టుకొని నీళ్ల అడుగుకు దిగుడు) సర్టిఫికెట్ కోర్సుకు అడ్వాన్స్ కొట్టబోతున్నోళ్లు, ముఖ్యంగా మన వరంగల్, కరీంనగర్ దిక్కు నుంచి హైదరాబాద్ పోయి నేర్చుకుందామనుకునేటోళ్లు, జర ఆగి ఇది చదవండి. సెంటర్ పేరు రాస్తలేను, ఫిర్యాదు నడుస్తున్నది. నా దగ్గర పైసలు ఎట్ల గుంజిన్రో మాత్రం పూసగుచ్చినట్టు చెప్త.

నాది హన్మకొండ. చిన్నప్పుడు ఊర్ల బాయిల బెండు కట్టుకొని ఈత నేర్చుకున్న, నీళ్లంటే భయం లేదు. సముద్రం అడుగు చూడాలని ఎప్పటిసందో ఉండె. యాడ్‌ల "ఓపెన్ వాటర్ డైవర్ కోర్సు, సర్టిఫికెట్‌తో సహా 21,999 మాత్రమే" అని ఉన్నది. ఫోన్ చేస్తే ఒకాయన "అన్నీ దాంట్లనే వస్తయి అన్నా, మీరు ఈత డ్రస్సు తెచ్చుకుంటే చాలు" అన్నడు. ఆ "అన్నీ" అంటే ఏమేమో రాసి పంపమని నేను అడగలే. ఆడనే బోల్తా పడ్డ.

తెలియనోళ్ల కోసం చెప్తున్న. ఈ కోర్సుల మూడు ముక్కలుంటయి. మొదటిది పాఠం, ఇప్పుడు ఎక్కువ ఆన్‌లైన్లనే. రెండోది పూల్ల సాధన. మూడోది సముద్రంల నాలుగు డైవ్‌లు. మూడూ అయితేనే 18 మీటర్ల లోతు దాక దిగే కార్డు వస్తది. 200 మీటర్లు ఆగకుండ ఈదాలె, పది నిమిషాలు తేలాలె. హైదరాబాద్‌ల సముద్రం లేదు కాబట్టి మొదటి రెండు ముక్కలు ఆడ చేయించి, రిఫరల్ అని ఒక కాయితం ఇచ్చి, మూడోదానికి సముద్రం ఉన్న ఊర్ల ఇంకో సెంటర్‌కు పంపుతరు. ఇది మోసం కాదు, చాన దేశాలల్ల ఉన్న పద్ధతే. కానీ యాడ్ల రాసిన ధర ఎన్ని ముక్కలకు అన్నదే అసలు ముచ్చట.

నా 21,999 ఎన్ని ముక్కలకు సరిపోయిందో వినండి. అడ్వాన్స్ కొట్టిన తెల్లారి రసీదు వచ్చింది, దాంట్ల 18 శాతం జీఎస్టీ 3,960 వేరే. సరే, పన్ను కదా అనుకున్న. రెండు రోజులకు ఆన్‌లైన్ పాఠం కోడ్‌కు 9,500 పంపమని మెసేజ్. "అది మాకు రాదన్నా, పైన కంపెనీకి పోతది" అన్నడు. పోతది, నిజమే. కానీ ఆ కోడ్ లేకుంటే కోర్సు షురూనే కాదు. కొట్టిన. ఆ కోడ్ నా పేరు మీద తెరిచిన నిమిషం నుంచి నేను వాళ్ల చేతుల చిక్కినట్టే. ఎందుకంటే తెరిచిన కోడ్‌కు వాపసు లేదు, వేరే సెంటర్‌కు పోదామంటే కట్టిన ఫీజు కూడ పోతది. ఇగ ఆడికెళ్లి ఏది అడిగినా కట్టుడే.

మా బాపు మిర్చి పండిస్తడు. ఎనుమాముల మార్కెట్ల పాట పాడిన ధర ఒకటి, తరుగు, హమాలీ, కమీషన్ పోంగ చేతికొచ్చేది ఒకటి. సంగతి చెప్తే "చదువుకున్నోనివి, నీకు కూడ తరుగు తీసిన్రారా" అని నవ్విండు. ప్యాడీ (PADI, ఈ డైవింగ్ కార్డులిచ్చే సంస్థ) కార్డు అంటే ముందుగాల వడ్ల కొనుగోలు కార్డు అనుకున్నడు, అది వేరే కథ.

పూల్ దగ్గరికి వస్త. నాకు దూరపు చూపు ఆనదు, మైనస్ మూడు. పవర్ అద్దాల మాస్క్ కావాలంటే రోజుకు 400 కిరాయి, సముద్రం రెండు రోజులకు 800. దీనికి నేను పెద్దగ బాధపడలే, ముందే చెప్తే ఇంకా మంచిగుండు. బాధ మాస్క్ తీసే పరీక్ష కాడ అయింది. పూల్ అడుగున మోకాళ్ల మీద కూసొని మాస్క్ పూర్తిగ తీసి, మళ్ల పెట్టుకొని, ముక్కుతోని గాలి ఊది లోపలి నీళ్లు బయటికి కొట్టాలె. నోట్లె రెగ్యులేటర్ ఉంటది, గాలి వస్తనే ఉంటది, అయినా ముక్కుల్లకు నీళ్లు పోంగనే పానం బయటికి ఉరకాలని చూస్తది. బాయిల ఏండ్లకేండ్లు దుంకినోన్ని, రెండుసార్లు పైకి లేచి దగ్గిన. మూడోసారికి టైం అయిపోయిందన్నరు. "ఇంకో సెషన్ బుక్ చేసుకోవాలె, 3,000."

ఇది గుర్తు పెట్టుకోండి. ఈ కోర్సు గంటల లెక్క మీద పూర్తయ్యేది కాదు, ప్రతి పని చేతనైనప్పుడే పూర్తయినట్టు. కొందరికి ఒక్కసారికే వస్తది, కొందరికి నాలుగోసారి. మాస్క్ కాడ తడబడేది నేనొక్కన్నే కాదు, అది రోజూ చూసే సెంటర్‌కు తెల్వదా? మంచి సెంటర్ అయితే ఒక అదనపు సెషన్ ధరలనే కలుపుకుంటది. కలపకుంటే, దాని రేటన్న ముందే చెప్తది.

ఇగ అన్నిటికన్నా కోపం వచ్చిన సంగతి. నీళ్లల్లకు దిగే ముందు ఆరోగ్యం ఫారం నింపాలె. చిన్నప్పుడు నాకు ఆయాసం ఉండె, పదేండ్ల దాక ఇన్‌హేలర్ వాడిన. అది రాయబోతుంటే "ఎందుకన్నా లొల్లి, 'లేదు' అని టిక్ కొట్టుండ్రి, లేకుంటే మా డాక్టర్ దగ్గరికి పోవాలె, 1,500 అయితది" అన్నడు. అంటే పైసలు మిగిలించుకోవాలంటే అబద్ధం రాయి అన్నట్టు. పది మీటర్ల లోతుల ఒత్తిడి పైకన్నా రెండింతలుంటది. ఆడ నిండుగ పీల్చిన గాలి పైకి వచ్చేసరికి రెండింతలయితది. ఊపిరి ఎల్లిపోతుంటే ఫికర్ లేదు. కానీ ఆయాసంతోని ఊపిరి గొట్టాలు మూసుకొని గాలి ఆడనే చిక్కితే ఊపిరితిత్తి చినుగుతది. అందుకే ఆ ఫారం ఉన్నది. నేను ఉన్నది ఉన్నట్టే రాసి 1,500 కట్టి డాక్టర్ సంతకం తెచ్చిన. తర్వాత తెలిసిందేందంటే, ఆ ఫారం నెట్ల ఉచితంగనే దొరుకుతది. అడ్వాన్స్ కొట్టకముందే దించుకొని హన్మకొండల నాకు తెలిసిన ఛాతీ డాక్టర్‌కు చూపిస్తే మామూలు ఫీజుతోని అయిపోవు. బీపీ, చెవి ఆపరేషన్, ఆయాసం ఏదున్నా ముందు డాక్టర్, తర్వాత అడ్వాన్స్.

సముద్రం డైవ్‌లకు పుదుచ్చేరి పంపిన్రు. చెన్నై దాక రైలు, ఆడికెళ్లి బస్సు. రైలు, రూమ్, తిండి నావే, అది ముందే తెలుసు, దానికి లొల్లి లేదు. ఒడ్డు మీదికి పోయినంక "బోటు రోజుకు 2,500, మీ హైదరాబాదోళ్లు చెప్పలేదా?" అన్నరు. రెండు రోజులకు 5,000. సముద్రం నడుమల చేయాల్సిన డైవ్‌కు బోటు వేరేనట! ఆఖరికి కార్డు ప్రాసెసింగ్ 1,500. యాడ్ల "సర్టిఫికెట్‌తో సహా" అని ఉన్నది కదా అంటే, "సర్టిఫికెట్ వేరే, కార్డు వేరే" అని జవాబు. అన్నీ కూడితే 47,259. ఫొటోలకు 2,000 అన్నరు, వద్దన్న.

అదే బోట్ల గోదావరిఖని నుంచి వచ్చిన సింగరేణి అన్న ఒకాయన ఉండె. పుదుచ్చేరిలనే వేరే సెంటర్ల చేరిండు, పాఠం కోడ్, పూల్, నాలుగు డైవ్‌లు, బోటు, సామాను, పన్ను, కార్డు అన్నీ కలిపి 34,000. ఆయన ఫోన్ల ఆ సెంటర్ పంపిన మెసేజ్ చూపించిండు. ఏది ఉన్నదో, ఏది లేదో (పవర్ మాస్క్, ఫొటోలు, రూమ్) రెండు లైన్లల్ల రాసి ఉన్నది. యాడ్ల చూస్తే ఆయనది నాకన్నా 12,000 ఎక్కువ. కట్టినంక చూస్తే నాకన్నా 13,000 తక్కువ.

అట్లని అగ్గువది చూసి ఉరకమని నేను చెప్తలేను. ఇన్‌స్ట్రక్టర్ జీతం, బోటు డీజిల్, కంప్రెసర్, రెగ్యులేటర్ల సర్వీసింగ్, ఇవన్నీ ఖర్చులే. మొత్తానికే మరీ తక్కువ అంటే వీటిల్ల ఏదో ఒకటి కోసినట్టు. సముద్రంల ఒక ఇన్‌స్ట్రక్టర్‌కు ఎనిమిది మంది విద్యార్థుల దాకనే హద్దు, నీళ్లు మబ్బుగ ఉంటే ఇంకా తక్కువ ఉండాలె. మా గుంపుల ఎంతమంది అని ముందే అడుగుండ్రి.

సర్టిఫికెట్ అనే మాట దగ్గర కూడ పైలం. గోవాల అరగంట ముంచి లేపి, రంగుల కాయితం ఇస్తరు. అది జ్ఞాపకానికే, దానితోని ఏ సెంటరూ మిమ్మల్ని డైవర్ అని ఒప్పుకోదు. ఇంకోటి, ప్యాడీల "స్కూబా డైవర్" అని చిన్న కార్డు ఉంటది. సముద్రంల రెండే డైవ్‌లు, 12 మీటర్ల దాకనే, అదీ ఇన్‌స్ట్రక్టరో డైవ్‌మాస్టరో పక్కన ఉంటేనే. దానికీ "ఓపెన్ వాటర్ డైవర్"కూ పేర్లు దగ్గర దగ్గర ఉండేసరికి, ధర తక్కువ కనపడితే ముందుగాల ఏ కార్డో అడగాలె.

అండమాన్ పోయేటోళ్లకు ఇంకో లెక్క. వరుసగ డైవ్‌లు చేసినంక కనీసం 18 గంటలు విమానం ఎక్కొద్దు. అంటే ఆఖరి డైవ్ అయినంక ఇంకో రాత్రి రూమ్ కిరాయి. ఆడ డైవింగ్‌కు పోయే హేవ్‌లాక్ దీవి (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్) దాక ఓడ టికెట్ కూడ ఎవ్వరి ప్యాకేజీల ఉన్నదో చూడుండ్రి.

నేను మళ్ల పోతే ఫోన్ల మాట్లాడ, వాట్సాప్‌ల ఇట్ల రాసి పంపుత: "ఓపెన్ వాటర్ డైవర్ కార్డు నా పేరు మీద వచ్చేదాక, పన్నుతో సహా నేను మీకూ, సముద్రం దగ్గరి సెంటర్‌కూ కలిపి మొత్తం ఎంత కట్టాలె? దాంట్ల లేనివి ఏంటివి? ఒక పని రాకపోతే అదనపు సెషన్‌కు ఎంత? గాలివానకు బోటు పోకపోతే పైసలు ఏమైతయి?" జవాబు రాతల రాకుంటే కోడ్ తెరవ. "వచ్చినంక మాట్లాడుదాం అన్నా" అంటే పోనే పోను.

ధర కొంచెం చూపించి, కట్టే కాడికి వచ్చినంక ఒక్కొక్కటి బయట పెట్టుడును డ్రిప్ ప్రైసింగ్ అంటరట. 2023ల కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ తెచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (ఆన్‌లైన్ల కొనేటోళ్లను బోల్తా కొట్టించే తిరకాసులు) మార్గదర్శకాలల్ల చెప్పిన 13 రకాలల్ల ఇదొకటి. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించిన. యాడ్ స్క్రీన్‌షాట్ ఉండుడు నా అదృష్టం, ఎందుకంటే ఫిర్యాదు చేసిన వారానికే యాడ్ల చిన్న అక్షరాలతోని "షరతులు వర్తిస్తాయి" అని చేరింది. కార్డు 1,500 ఇప్పటికి వాపసు ఇచ్చిన్రు. బోటు 5,000కు "మాకు సంబంధం లేదు, పుదుచ్చేరోళ్లను అడుగుండ్రి" అంటున్నరు, వాళ్లేమో హైదరాబాదోళ్లను అడగమంటున్నరు. అది తేలకుంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోత. ఐదు లక్షల లోపు వాటికి ఆడ ఫీజు లేదు. ఇదే దెబ్బ తిన్నోళ్లెవరన్న ఉంటే మీ రసీదులు, మెసేజ్‌లు తీసేయకుండ దాచుండ్రి.