ఏజెన్సీలో ఆసుపత్రికి ఏ డబ్బు మేలు: సర్కారు గ్రాంటా, సీఎస్‌ఆరా, విదేశీ విరాళమా?

ఏజెన్సీలో పది పడకల ఆసుపత్రో, గూడేలు తిరిగే మందుల బండో నడిపే ట్రస్టుకు పెద్ద మొత్తం రావాలంటే ముఖ్యంగా మూడు దారులున్నాయి. కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ స్వచ్ఛంద సంస్థలకిచ్చే గ్రాంటు, కంపెనీల సీఎస్‌ఆర్ నిధులు (సమాజం కోసం కంపెనీలు లాభంలోంచి పెట్టే ఖర్చు), విదేశీ విరాళాలు. ఎవరు ఎక్కువిస్తారని అందరూ అడుగుతారు. నేనైతే ముందు రెండు ప్రశ్నలు వేస్తాను. ఈ డబ్బుతో నర్సుకు నెలనెలా జీతం అందుతుందా? డబ్బు ఆగిన రోజున రోగి గతేంటి?

వంశపారంపర్యంగా వచ్చే రక్త జబ్బు సికిల్ సెల్‌నే తీసుకోండి. 2023 జులైలో మొదలైన జాతీయ మిషన్ 40 ఏళ్లలోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని పెట్టుకుంది. పరీక్ష ఒక్కరోజు పని. జబ్బు బయటపడ్డ పిల్లాడికి మాత్రం హైడ్రాక్సీయూరియా అనే మందు ఏళ్ల తరబడి ఇవ్వాలి, మధ్యమధ్యలో రక్తం పరీక్షించి మోతాదు సరిచూడాలి. ఏడాదికే అయిపోయే నిధితో ఇలాంటి వైద్యం మొదలుపెట్టడం ఆ తల్లిదండ్రులకు అన్యాయం చేయడమే.

సీఎస్‌ఆర్ అందరినీ ముందుగా ఆకర్షిస్తుంది. అర్హత పరిధిలోకి వచ్చే కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం ఖర్చు పెట్టాలని 2013 కంపెనీల చట్టం చెబుతోంది. అందులో వైద్యం కూడా ఉంది. నిర్ణయం త్వరగా వస్తుంది, కాగితాలూ తక్కువే. పైగా కొన్న అంబులెన్సు మీ ట్రస్టు పేరు మీదే ఉండొచ్చు. చిక్కల్లా ఆ తర్వాతే. బండి వస్తుంది, డ్రైవరు జీతం రాదు. రక్త పరీక్షల యంత్రం వస్తుంది, అందులో పోయాల్సిన రీఏజెంట్లకు, అంటే పరీక్ష రసాయనాలకు, పైసా ఉండదు. ఫొటో దిగిన ఏడాదికే ఆ యంత్రం గుడ్డ కప్పుకుని మూలన కూర్చుంటుంది.

దీనికో కారణం ఉంది. మార్చి 31లోపు ఖర్చుకాని సొమ్మును, కొనసాగే ప్రాజెక్టుది కాకపోతే, కంపెనీ ఆరు నెలల్లో చట్టం చెప్పిన ప్రభుత్వ నిధికి జమ చేసేయాలి. అందుకే ఏడాది చివర్లో వస్తువులు కొనిపెట్టే తొందర ఎక్కువ. కానీ అదే నియమాల్లో మీకు పనికొచ్చే వెసులుబాటూ ఉంది: ‘కొనసాగే ప్రాజెక్టు’గా ఒప్పందం రాయించుకుంటే, మొదలైన ఆర్థిక సంవత్సరం కాక మరో మూడేళ్ల దాకా సాగుతుంది. ఇది అడగని ట్రస్టులే ఎక్కువేమో అని నా అనుమానం. మొహమాటపడకుండా అడగండి. రీఏజెంట్లు, డీజిల్, మరమ్మతులు బడ్జెట్లో విడివిడిగా రాయండి.

సర్కారు గ్రాంటు దీనికి పూర్తిగా భిన్నం. సంచార వైద్యశాలలకు, పది పడకలు అంతకుమించిన ఆసుపత్రులకు ఈ పథకం వర్తిస్తుంది. మామూలుగా ఖర్చులో 90 శాతం కేంద్రం ఇస్తే 10 శాతం సంస్థ పెట్టుకోవాలి. షెడ్యూల్డ్ ప్రాంతంలో, అంటే రాజ్యాంగం కింద ప్రకటించిన గిరిజన ప్రాంతంలో అయితే, ఆ పది శాతమూ అక్కర్లేదు. సిబ్బంది జీతాలు ఇందులోనే వస్తాయి కాబట్టి నా మొదటి ప్రశ్నకు సూటిగా జవాబిచ్చేది ఇదే. కాకపోతే జిల్లా తనిఖీ, రాష్ట్ర కమిటీ సిఫారసు, ఆ పైన ఢిల్లీ. యూసీ, అంటే వినియోగ ధ్రువపత్రం, సమయానికి వెళ్లకపోతే తర్వాతి డబ్బు కదలదు. అన్నీ సక్రమంగా పంపినా ఆలస్యం అవుతూనే ఉంటుంది, ఆ టెన్షన్ అంతా సిస్టర్ల ఇళ్ల మీద పడుతుంది. కనీసం ఆరు నెలల జీతాలు చేతిలో లేకుండా ఈ దారిలో దిగొద్దు.

విదేశీ విరాళం గురించి క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే చిన్న ట్రస్టుకు అది బరువు. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ తర్వాత డబ్బు ఢిల్లీలోని ఒకే ఎస్‌బీఐ శాఖ ఖాతాలో పడాలి. పెద్ద సంస్థ తీసుకుని మీకు కొంత పంచడం కుదరదు. పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. ఇది విని చాలామంది జీతాలివ్వలేమేమో అని వెనకాడతారు గానీ, ఆసుపత్రిలో డాక్టర్ల జీతం ఆ 20 శాతంలోకి రాదని నియమావళి స్పష్టంగానే చెబుతోంది. అయినా ఏటా వేరే రిటర్ను, వేరే పద్దులు ఉంటాయి. చేయి తిరిగిన అకౌంటెంటు లేకపోతే ఆ జోలికి పోవద్దు.

మూడింటికీ మూడేళ్ల మెలిక ఉంది. సర్కారు గ్రాంటుకు సంస్థ నమోదై మూడేళ్లు కావాలి. కంపెనీతో సంబంధం లేని ట్రస్టు సీఎస్‌ఆర్ పని చేయాలంటే అలాంటి పనిలోనే మూడేళ్ల అనుభవం చూపాలి. విదేశీ నిధుల నమోదుకూ మూడేళ్లు నిండాలి, ఆ మూడేళ్లలో 15 లక్షలు ఖర్చుపెట్టి ఉండాలి. కాబట్టి కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు చుట్టుపక్కల దాతలే దిక్కు. ఆ రోజుల ఓపీ రిజిస్టరు, ఆడిట్ రిపోర్టులు జాగ్రత్తగా దాచుకోండి, మూడేళ్ల తర్వాత అర్హత చూపించేది అవే.

షెడ్యూల్డ్ ప్రాంతంలో ఇప్పటికే నడుస్తున్న ఆసుపత్రికైతే నా ఓటు సర్కారు గ్రాంటుకే. జీతాలు, మందులు దాని మీద నడిపించి, యంత్రాలూ భవనమూ సీఎస్‌ఆర్‌ను అడగండి. కంపెనీ వాళ్లు నిర్వహణ ఖర్చు కుదరదంటే చిన్న యంత్రం తీసుకోండి, లేదా వద్దనండి. మూడు నిధులకూ వేర్వేరు పద్దులు మొదటి రోజు నుంచే పెట్టండి. ఒకే నర్సు జీతం రెండు చోట్ల కనబడిందంటే ఆడిట్‌లో రెండు నిధులకూ ముప్పే.