అప్‌డేట్ కొడితే స్పీడు పెరుగుతుందని అమ్మిన పీఎస్పీ

హనుమకొండ చౌరస్తా దగ్గర పాత ఫోన్లు, గేమింగ్ పరికరాలు అమ్మే ఒక చిన్న దుకాణంలో నెల కిందట, చేతిలో పట్టుకుని గేములు ఆడుకునే సోనీ పీఎస్పీ మొదటి మోడల్‌ను 4,500 రూపాయలకు కొన్నాను. "అన్నా, ఇది పాత సాఫ్ట్‌వేర్ మీద ఉన్నది, అప్‌డేట్ కొట్టినవంటే స్పీడు సగానికి సగం పెరుగుతది" అని దుకాణదారు చెప్పాడు. సరుకు అమ్ముకునేవాడి మాటే కదా అనుకున్నాను గాని, పరీక్షించి చూశాక అది పూర్తిగా అబద్ధం కాదని తెలిసింది.

ఈ పరికరంలోని ప్రాసెసర్ మొదటి నుంచీ 333 మెగాహెర్ట్జ్ వేగంతో పనిచేయగలదు. అయితే 2004 డిసెంబరులో జపాన్‌లో విడుదల చేసినప్పుడు, బ్యాటరీ ఎక్కువసేపు నిలవాలని, గేములు 222 మెగాహెర్ట్జ్ దాటకుండా సోనీ సాఫ్ట్‌వేర్‌లోనే హద్దు పెట్టింది. 2007లో వచ్చిన 3.50 అప్‌డేట్ ఆ హద్దును తొలగించింది. ఆర్టీసీ బస్సుకు స్పీడ్ లాక్ తీసేయడం లాంటిదే ఇది. లాక్ తీసినంత మాత్రాన బస్సు దానంతటదే ఉరకదు, డ్రైవరు తొక్కాలి. ఇక్కడ ఆ డ్రైవరు గేమే. ఎక్కువ వేగం కావాలని కోరేలా తయారుచేసిన గేములకే అది దొరుకుతుంది, అంతకుముందు వచ్చినవి పాత పద్ధతిలోనే నడుస్తాయి.

అప్‌డేట్‌కు ముందు, తర్వాత 'రిడ్జ్ రేసర్' అనే పాత కార్ల రేసు గేము తెరుచుకోవడానికి పట్టే సమయాన్ని ఫోన్‌లో లెక్కపెట్టాను. తేడా ఏమీ కనిపించలేదు. అందులో ఆశ్చర్యం లేదు, ఎందుకంటే ఆ సమయంలో ఎక్కువ భాగం గరగరమంటూ తిరిగే చిన్న డిస్క్‌ను చదవడానికే పోతుంది. 2008లో వచ్చిన 'గాడ్ ఆఫ్ వార్: చైన్స్ ఆఫ్ ఒలింపస్' మాత్రం 333 మెగాహెర్ట్జ్‌ను వాడుకునే గేము, తెర నిండా శత్రువులు కమ్ముకున్నప్పుడు కూడా, ఇంత పాత యంత్రమేనా అనిపించేంత సాఫీగా నడిచింది.

నింటెండో కంపెనీ గేమింగ్ పరికరం స్విచ్‌లోనూ 2019 ఏప్రిల్‌లో ఇలాంటిదే జరిగింది. 8.0.0 అప్‌డేట్ తర్వాత, కొన్ని గేములు లోడయ్యేటప్పుడు మాత్రమే ప్రాసెసర్ 1020 నుంచి 1785 మెగాహెర్ట్జ్‌కు పెరుగుతుంది, ఆట మొదలవగానే మళ్లీ దిగిపోతుంది. అప్‌డేట్‌తో వేగం పెరుగుతుందని ఎవరైనా చెప్తే, ఏ గేముకు, ఏ సమయంలో అని అడగడం అందుకే అవసరం.

నా అసలు ఫిర్యాదు బ్యాటరీ గురించి. కంపెనీదే అని చెప్పి ఇచ్చినది, విప్పి చూస్తే, పేరూ ఊరూ లేని నకిలీ. కాజీపేటలో రైలెక్కి 'రిడ్జ్ రేసర్' ఆడితే సికింద్రాబాద్ దాకా ఎలాగో వచ్చింది. అదే దారిలో 'గాడ్ ఆఫ్ వార్' ఆడిన రోజు ఆలేరు దాటేసరికే ఆగిపోయింది. కొనాలనుకునేవారు స్పీడు కబుర్లు పక్కన పెట్టి, ముందు వెనక మూత తీయించి బ్యాటరీ చూసి, కొత్త బ్యాటరీ ఖరీదును చెప్పిన ధరలోంచి తగ్గించి బేరమాడండి.