పర్స్యుయేషన్: ఐదు నిమిషాల మాటలతో తేలిపోని కథ

సెకండ్ ఛాన్స్ రొమాన్స్‌లు, అంటే విడిపోయిన జంట మళ్ళీ కలిసే కథలు చదివేవాళ్ళకి ఎక్కడ చిరాకొస్తుందో తెలిసిందే, హీరో తన చెల్లెల్ని దగ్గరకి తీసుకుంటే హీరోయిన్ దూరం నుంచి చూసి వెళ్ళిపోతుంది, లేదా ఉత్తరం ఎవరో దాచేస్తారు, ఇద్దరూ ఐదు నిమిషాలు కూర్చుని మాట్లాడుకుంటే అయిపోయేదాన్ని పుస్తకం మొత్తం లాగుతారు. జేన్ ఆస్టిన్ నవల పర్స్యుయేషన్‌ని ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ చదువుతున్నా, ఆ చిరాకు ఒక్కసారి కూడా రాలేదు.

ఎందుకంటే వీళ్ళు విడిపోయింది అపార్థం వల్ల కాదు. హీరోయిన్ యాన్ పంతొమ్మిదేళ్ళప్పుడు, తల్లిలా చూసుకునే లేడీ రస్సెల్ మాట విని, అప్పటికి చేతిలో డబ్బు లేని నేవీ ఆఫీసర్ వెంట్‌వర్త్‌ని వద్దంది, ఎవరి మాట విని వద్దందో అతనికీ తెలుసు. ఎనిమిదేళ్ళ తర్వాత 25,000 పౌండ్లు సంపాదించుకుని వచ్చాడు. తెలియనిదల్లా అవతలి మనిషి మనసులో ఇంకా ఏమన్నా మిగిలుందా అనేదే. అడగడానికి అతనికి అహం అడ్డు, ఆమెకి ఆ కాలపు మర్యాద అడ్డు.

అందుకని ఒకరి సంగతి ఒకరికి ఎప్పుడూ పక్కవాళ్ళ నుంచే తెలుస్తుంది. యాన్ గుర్తుపట్టలేనంత మారిపోయిందని అతను ఇంకెవరితోనో అంటే యాన్ చెల్లెలు మేరీ ఆ మాట మోసుకొచ్చి యాన్‌కే చెప్పేస్తుంది, పాపం ఆ పిల్ల ఎలా తట్టుకుందో. తర్వాత పొదల చాటున కూర్చున్న యాన్‌కి, అతను మేరీ ఆడపడుచు లూయిసాకి ఒక హేజల్‌నట్ కాయ చూపించి దానిలా గట్టి మనసుండాలని చెప్పడం వినబడుతుంది, ఆ మాటల్లోనే లూయిసా, మా అన్నయ్య మేరీకన్నా ముందు యాన్‌నే పెళ్ళికి అడిగాడు, తను ఒప్పుకోలేదు అంటుంది, అతను కాసేపు ఆగి అది ఎప్పుడు జరిగిందని అడుగుతాడు. నాకు పుస్తకం మొత్తంలో ప్రాణం ఆ ప్రశ్నే.

చివర్లో చాటుగా వినేది అతను. యాన్, వెంట్‌వర్త్ స్నేహితుడు హార్విల్‌తో ఆడవాళ్ళు, మగవాళ్ళలో ఎవరి ప్రేమ ఎక్కువ కాలం నిలుస్తుందని వాదిస్తుంటే విని అక్కడికక్కడే ఉత్తరం రాసేస్తాడు. ఆస్టిన్ 1816 జూలైలో మొదట రాసిన ముగింపులో ఇది లేదు, యాన్‌కి కజిన్ మిస్టర్ ఎలియట్‌తో పెళ్ళి ఖాయమైందా అని వెంట్‌వర్త్ బావ అడ్మిరల్ క్రాఫ్ట్ వెంట్‌వర్త్ చేతే అడిగిస్తాడు, ఆమె కాదంటుంది, తేలిపోతుంది. అంటే అచ్చంగా ఆ ఐదు నిమిషాల మాటలే! ఆస్టిన్‌కి నచ్చక ఆగస్టు మొదటివారంలోపే మార్చి రాసింది, ఎంత మంచి పని చేసిందో.

అసలైన కమ్యూనికేషన్ గ్యాప్ మాత్రం కలిశాక బయటపడుతుంది, విడిపోయిన రెండేళ్ళకి, 1808లో నేను ఉత్తరం రాసుంటే జవాబిచ్చేదానివా అని అడుగుతాడు, ఇవ్వనా అన్నట్టు అంటుంది ఆమె. ఆ తర్వాతి ఆరేళ్ళ బాధ తన పొగరు వల్లేనని అతనే ఒప్పుకుంటాడు, ఈ ఒప్పుకోలు లేకపోతే నేనైతే అతన్ని క్షమించేదాన్ని కాదు.

నచ్చనిది యాన్ పాత స్కూలు స్నేహితురాలు మిసెస్ స్మిత్ చాప్టర్. మిస్టర్ ఎలియట్ నిజస్వరూపం అంతా ఆవిడ ఒక్కతే కూర్చుని పేజీలకి పేజీలు చెప్పేస్తుంది, మిగతా పుస్తకంలో ఉన్న నేర్పు అక్కడ కనబడదు. మొదట్లో యాన్ తండ్రి సర్ వాల్టర్ అప్పుల గోల కూడా కొంచెం నెమ్మదే, ఏడో చాప్టర్‌లో వెంట్‌వర్త్ గదిలోకి వచ్చేదాకా ఓపిక పట్టండి.