బండి టైరుకు గాలి సెన్సార్: బయటి మూతా, రిమ్ లోపలిదా, గేజ్ చాలా? ఏది మేలు?

టూవీలర్ టైరులో గాలి ఎంతుందో చెప్పే సెన్సార్ కొనేవాళ్లు ముందుగా అడిగేది ఏది కరెక్టుగా చూపిస్తుందని. నన్నడిగితే అది రెండో ప్రశ్న. కాస్త మంచి రకం తీసుకుంటే ఏదైనా ఒకటి రెండు పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) తేడాలో సరిగ్గానే చెబుతుంది. ముందు తేల్చుకోవాల్సింది, అది మొరాయించిన రోజు బాగుచేసుకోవడం మన చేతిలో ఉంటుందా లేదా అని. అల్లాయ్ చక్రానికి గీత పడకుండా టైరు విప్పే మిషన్ సోంపేటలోనో గజపతినగరంలోనో ప్రతి పంక్చర్ షాపులో ఉండదు కదా.

రిమ్ లోపల, వాల్వ్ మొదట్లో కూర్చునే సెన్సార్‌కు వాన, బురద, దొంగ, ఎవరి బాధా లేదు. గాలి కూడా మామూలుగానే కొట్టించుకోవచ్చు. చిక్కంతా బ్యాటరీతోనే. చాలావాటిలో దాన్ని సీల్ చేసేస్తారు. కొన్నేళ్లకు అది అయిపోతే సెన్సార్ మొత్తం మార్చాల్సిందే. అంటే చక్రం ఊడదీయాలి, టైరు విప్పాలి, మళ్లీ బ్యాలెన్స్ చూసుకోవాలి. ఇనప కడ్డీలతో టైరు పెకిలించే చోటైతే, వాల్వ్ దగ్గర సెన్సార్ ఉందని ముందే చెప్పి తీరాలి, లేకపోతే మొదటి దెబ్బకే విరుగుతుంది. టైరులో సీలెంట్ (పంక్చర్ పూడ్చే జిగురు ద్రవం) పోయించే అలవాటుంటే లోపలి రకం జోలికి పోకండి. గాలి అందే రంధ్రం జిగురుతో మూసుకుపోతే, టైరు మెత్తబడుతున్నా తెర మీద అదే అంకె కనిపిస్తూ ఉండొచ్చు.

వాల్వ్ మీది మామూలు మూత తీసి దాని చోట బిగించే బయటి మూత రకం కష్టాలన్నీ కళ్లముందే ఉంటాయి, వాటికి మందూ మన దగ్గరే ఉంటుంది. సెల్ అయిపోతే పైభాగం తిప్పి కొత్తది వేసుకోవచ్చు. పాత సెల్ మీద సీఆర్ 1632 లాంటి నంబరు ఉంటుంది, అదే నంబరుది కొనాలి. అయితే ఒక సంగతి చాలామంది గమనించరు. మూత బిగించగానే అది వాల్వ్ పిన్నును నొక్కి ఉంచుతుంది, అప్పుడే గాలి సెన్సార్‌కు అందుతుంది. ఇక ఆ క్షణం నుంచి గాలిని ఆపుతున్నది వాల్వ్ కాదు, మూతలోని సన్నటి రబ్బరు రింగు. అది నలిగినా, దాని మీద ఇసుక రేణువు ఉన్నా, గాలి తగ్గిందని అరిచేదీ ఆ సెన్సారే, తగ్గించేదీ అదే. బిగించిన ప్రతిసారీ చుట్టూ సబ్బు నురుగు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడండి.

రెండోది బరువు. పది గ్రాములే కదా అనిపిస్తుంది. 17 అంగుళాల చక్రం 80 కిలోమీటర్ల వేగంతో తిరిగేటప్పుడు ఆ పది గ్రాములు దాదాపు కిలో బరువంత బలంతో రబ్బరు వాల్వ్‌ను రిమ్ వైపు నెట్టి వంచుతాయి. ఎండకు గట్టిపడిన పాత రబ్బరైతే మొదట్లో చీలుతుంది. జాతీయ రహదారి 16 మీద రణస్థలం, టెక్కలి వైపు రోజూ తిరిగేవాళ్లు మెటల్ వాల్వ్ వేయించాకే మూత సెన్సార్ పెట్టాలి. దీని మీద నేను బేరానికి రాను. బిగించాక ముందు చక్రం చేత్తో తిప్పి, మూత డిస్క్ బ్రేకు క్యాలిపర్‌కు తగలడం లేదని కూడా చూసుకోవాలి.

గాలి కొట్టించాలంటే, మూతను ఎవరూ తీయకుండా కింద బిగించే లాక్ నట్టు వదులు చేసి మూత తీయాలి. బంకులో వెనకనుంచి హారన్లు మోగుతుంటే, “ఏటి బాబూ, మూతకి కూడా పానా కావాలా?” అని గాలి కొట్టే కుర్రాడు నవ్వుతుంటే ఆ నట్టుతో కుస్తీ పట్టడం విసుగే. అందుకే చాలామంది నట్టు వేయడం మానేస్తారు, పార్కింగులో మూత మాయమైందని ఆ తర్వాత బాధపడతారు. కళింగపట్నం, బారువ లాంటి తీరపు ఊళ్లలో ఉప్పు తడికి అల్యూమినియం మూత ఇత్తడి వాల్వ్‌ను పట్టేసుకుంటుంది కూడా. నెలకోసారైనా తీసి, తుడిచి బిగించండి.

రీడింగ్ బదులు గీతలు కనిపిస్తే వెంటనే టెన్షన్ పడొద్దు. బ్యాటరీ ఆదా కోసం చాలా సెన్సార్లు బండి ఆగితే నిద్రపోతాయి, కాస్త దూరం నడిపితే లేస్తాయి. అప్పటికీ రాకపోతే ముందు సెల్ మార్చాలి. తర్వాత ముందు, వెనక మూతలు అటూ ఇటూ మార్చి చూడాలి. లోపం మూతతో పాటు వెళ్తే పోయింది మూతే. వెనక చక్రం దగ్గరే ఉండిపోతే సిగ్నల్ అందడం లేదన్నమాట, దానికి అడ్డుపడే చవక ఎల్‌ఈడీ ఫాగ్ లైట్లు, యూఎస్‌బీ చార్జర్ ఆపి చూడాలి. లోపలి రకానికి ఈ అటూ ఇటూ పరీక్షే కుదరదు. అక్కడే నా ఓటు మూతకు పడిపోయింది.

ఏది కొన్నా ఘాట్ ఎక్కేటప్పుడు అంకెలు కదిలితే కంగారు వద్దు. శృంగవరపుకోట నుంచి తొమ్మిది వందల మీటర్ల పైనున్న అరకుకు వెళ్తే, బయటి గాలి ఒత్తిడి తగ్గడంతో మామూలు గేజ్ ఒక పీఎస్‌ఐకి పైగా ఎక్కువ చూపాలి. కానీ పైన చల్లదనానికి టైరులో ఒత్తిడి కూడా కొంత తగ్గుతుంది, రెండూ దాదాపు చెల్లుకు చెల్లు. మే నెల మధ్యాహ్నం హైవే మీద మూడు నాలుగు పీఎస్‌ఐ పెరగడం కూడా మామూలే. వేడి టైరు నుంచి గాలి వదలకండి, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు చూసిందే లెక్క.

విజయనగరంలో కోట నుంచి ఆర్టీసీ కాంప్లెక్స్ దాకా తిరిగే బండికి ఇవేవీ అక్కర్లేదు, కొన్ని వందల్లో వచ్చే గేజ్‌తో వారానికోసారి చూసుకుంటే సరిపోతుంది. కంపెనీ నుంచే లోపలి సెన్సార్‌తో వచ్చిన పెద్ద బండైతే అదే ఉంచుకోండి, టైర్లు మార్చే రోజున సెన్సార్ల వయసు కూడా అడగండి. హైవే మీద తిరిగే ట్యూబ్‌లెస్ బండికి మాత్రం మెటల్ వాల్వ్, దాని మీద మూత. గాలి నెమ్మదిగా తగ్గే ఆ టైర్లలో అలారం విని పక్కకు తీసే సమయం ఉంటుంది. స్పోక్ చక్రాల ట్యూబ్ టైరులో మేకు దిగితే గాలి క్షణాల్లో పోతుంది, అలారం మోగేలోపే బండి ఊగుతుంది. ఆ డబ్బుతో ఒక స్పేర్ ట్యూబ్, చిన్న పంపు కొని బ్యాగులో పెట్టుకోవడం నయం.