హార్లాన్ కౌంటీకి వెళ్తే బస బెన్హమ్‌లోనే

అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో బొగ్గు గనుల ప్రాంతం హార్లాన్ కౌంటీకి వెళ్తే బస బెన్హమ్ అనే ఊళ్ళో పెట్టుకోండి. మేము మొదట హార్లాన్ టౌన్ దగ్గర హైవే పక్కన ఒక మోటెల్‌లో దిగాం. గది శుభ్రంగానే ఉంది కానీ రాత్రంతా లారీల మోత. పైగా బొగ్గు చరిత్ర చూడాల్సిన ఊళ్ళు కౌంటీ తూర్పు కొసన, కంబర్లాండ్ ఊరు దాటాక ఉన్నాయి. మర్నాడే బెన్హమ్ స్కూల్‌హౌస్ ఇన్‌కి మారాం. 1926లో బొగ్గు కంపెనీ కట్టించిన బడి అది. అప్పట్లో తెల్లవాళ్ళ పిల్లలే అందులో చదివేవారు, నల్లవాళ్ళ బడి వేరు. 1992లో మూతపడ్డాక హోటల్‌గా మార్చారు. నడవాల్లో పిల్లల లాకర్లు ఇంకా అలాగే ఉన్నాయి.

బెన్హమ్‌ని వ్యవసాయ యంత్రాల కంపెనీ ఇంటర్నేషనల్ హార్వెస్టర్, పక్కనున్న లించ్‌ని ఉక్కు కంపెనీ యు.ఎస్. స్టీల్ తమ గనుల కోసం కట్టాయి. లించ్ పని 1917లో మొదలైంది. అలబామా నుంచి నల్లజాతి కుటుంబాలు, ఇటలీ, హంగరీల నుంచి వలస కార్మికులు వచ్చారు. ఒక దశలో 10,000 మంది దాకా ఉన్న లించ్‌లో 2020 జనాభా లెక్కల నాటికి 700 మంది కూడా లేరు.

ఒక్క పూటే టైముంటే లించ్‌లోని పోర్టల్ 31కే వెళ్ళండి. 1963 దాకా బొగ్గు తీసిన గని ఇది. హెల్మెట్ పెట్టి, చిన్న రైలు పెట్టెలో లోపలికి తీసుకెళ్తారు. వేసవిలోనూ చలిగా ఉంటుంది, స్వెట్టర్ ఉండాలి. టూర్ మొదలయ్యేది పాత ల్యాంప్ హౌస్ దగ్గర, అంటే కార్మికులకు గని దీపాలు ఇచ్చే చోట. సింగరేణిలో పెరిగినవాళ్ళకి దాని గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. టూర్ వేళలు ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

బెన్హమ్‌లో పాత కంపెనీ స్టోరే ఇప్పుడు కెంటకీ కోల్ మైనింగ్ మ్యూజియం. అప్పట్లో ఇలాంటి స్టోర్లలో కంపెనీ సొంత టోకెన్లు చెల్లేవి. పని, ఇల్లు, సరుకులు అన్నీ కంపెనీ చేతిలోనే. అందుకే 1931 ఫిబ్రవరిలో యజమానులు కూలి 10 శాతం తగ్గించినప్పుడు, యూనియన్‌లో చేరినవాళ్ళకి ఉద్యోగంతో పాటు ఇల్లూ పోయింది. అలా రోడ్డున పడ్డవాళ్ళలో చాలామంది కంపెనీది కాని ఊరు ఎవర్ట్స్‌కి చేరారు. ఆ మే 5న అక్కడ జరిగిన కాల్పుల్లో నలుగురు చనిపోయారు. 1973లో బ్రూక్‌సైడ్ గనిలో సమ్మె మొదలైంది. 2019లో బ్లాక్‌జువెల్ అనే బొగ్గు కంపెనీ దివాలా తీసి జీతాలు ఎగ్గొడితే, కంబర్లాండ్ దగ్గర కార్మికులు పట్టాల మీద కూర్చుని బొగ్గు రైలు ఆపేశారు. ఈ వరస తెలియకుండా చూస్తే మ్యూజియంలో పాత పనిముట్లే కనిపిస్తాయి. వెళ్ళేముందు ఒక గంట చదువుకుని వెళ్ళండి, చాలా తేడా ఉంటుంది.

తిండి విషయంలో శాకాహారులకు కొంచెం ఇబ్బందే. ఇక్కడి ఇష్టమైన వంట సూప్ బీన్స్, మొక్కజొన్న రొట్టె. బీన్స్‌లో పంది మాంసం వేయడం మామూలు, అడిగి తీసుకోండి. మేము రైస్ కుక్కర్ తీసుకెళ్ళాం, పనికొచ్చింది. లోయల్లో ఫోన్ సిగ్నల్ నమ్మలేం, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి.

తిరుగు ప్రయాణానికి లించ్ నుంచి 160వ నంబరు రోడ్డు బాగుంటుంది. కెంటకీలోకెల్లా ఎత్తయిన బ్లాక్ మౌంటెన్ మీదుగా వర్జీనియాలోకి దిగుతుంది. మలుపులు ఎక్కువ, పగలే బయల్దేరండి. పెట్రోల్ కంబర్లాండ్‌లోనే పోయించుకోండి.