సన్న షాఫ్టుకు ఏది మేలు: చక్కా, రెండు సెంటర్లా?

పంపు షాఫ్టనో, వేరుశనగ మిషన్ పిన్ననో అనంతపురంలో లేత్ (లోహపు ముక్కను తిప్పుతూ కోసే మిషన్) ఉన్న ప్రతి షాపుకూ సన్న జాబులు, అంటే కోయాల్సిన ముక్కలు, వస్తూనే ఉంటాయి. 8 మి.మీ. రాడ్డు, పొడవు జానెడు. దాన్ని చక్‌లో (జా అనే దవడలతో బిగించి తిప్పేది) పట్టి వెనక సెంటర్ (కొసన గుంతలో ఆనే మొన) ఇవ్వాలా, రెండు కొసలకూ సెంటర్లు ఇచ్చి క్యారియర్‌తో (జాబుకు స్క్రూతో బిగించే తోకున్న బిగింపు) తిప్పాలా? ఐటీఐ నుంచి వచ్చిన పిల్లోళ్లు ఎక్కువమంది, "సన్న జాబు గదన్నా, సెంటర్ల మధ్య పెడితే వంగదు" అంటారు. నిజానికి వంగేది అక్కడే ఎక్కువ.

లెక్క చూడండి. 8 మి.మీ. స్టీలు రాడ్డు, 200 మి.మీ. పొడవు. టూల్ దాన్ని 5 కిలోల బరువంత బలంతో వెనక్కి తోస్తోందనుకుందాం. రెండు సెంటర్ల మధ్య అయితే నట్టనడుమ 0.2 మి.మీ. దాకా వంగుతుంది. అంటే వ్యాసంలో 0.4 మి.మీ. ఎక్కువ మిగిలి, జాబు నడుమ ఉబ్బి పీపాలా తయారవుతుంది. అదే రాడ్డు ఒక కొస చక్ జాల్లో నిండుగా ఇరుక్కుని, రెండో కొస సెంటర్ మీద ఉంటే వంపు 0.1 లోపే. సెంటర్ మొన ఆనింపు మాత్రమే ఇస్తుంది, జా పట్టు వంగనీయదు. ఇక వ్యాసం సగమైతే వంపు 16 రెట్లు అవుతుంది. సన్న జాబుతో అసలు తంటా అదే.

మరి సెంటర్లు ఎందుకు? జాబు తీసి మళ్లీ పెట్టడానికి. రెండు కొసలా బేరింగ్ కూర్చునే షాఫ్టు తీసుకోండి. త్రీ జా చక్‌లో ఒక కొస చేసి, తిప్పి పట్టి రెండోది చేస్తే ఆ రెండూ ఒకే గీత మీద ఉండవు. వాడి వాడి అరిగిన చక్‌లో 0.1 మి.మీ. ఊపు మామూలే. జాలను ఒక్కొక్కటిగా కదపగలిగే ఫోర్ జాలో డయల్ గేజ్ (ఊపు కొలిచే ముల్లు గేజ్) పెట్టి సరిచేయొచ్చు గానీ, పది పిన్నులకు పదిసార్లు ఆ పని ఎవరు చేస్తారు? సెంటర్ల మధ్య అయితే ఎన్నిసార్లు తీసినా, తిప్పి పెట్టినా, గ్రైండింగ్‌కు పంపినా కొసల్లో తొలిచిన అవే రెండు గుంతల మీద తిరుగుతుంది.

డ్రైవింగ్ ప్లేట్ (క్యారియర్‌ను తోసి తిప్పే పళ్లెం) లేదని ఈ పని మానుకోనక్కర్లేదు. చక్‌లో ఒక ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్) ముక్క పట్టి, కాంపౌండ్ స్లైడ్‌ను (టూల్‌ను వాలుగా నడిపే పై స్లైడ్) 30 డిగ్రీలకు తిప్పి, ఆ ముక్క మొనను 60 డిగ్రీల కోణానికి అక్కడికక్కడే కోసేయండి. అదే ముందు సెంటర్. చక్ ఎంత ఊగినా ఆ మొన ఊగదు. క్యారియర్ తోకను ఒక జాకు ఆనిస్తే జాబు తిరుగుతుంది. ముక్కను చక్‌లోంచి తీస్తే మాత్రం, మళ్లీ పెట్టినప్పుడు ఒక సన్న కట్ ఇచ్చి తీరాలి. క్యారియర్ స్క్రూ కింద రాగి రేకు పెడితే జాబు మీద మచ్చ పడదు.

ఈ పద్ధతిలో చిక్కు స్పీడుతోనే. హెచ్.ఎస్.ఎస్. (హైస్పీడ్ స్టీల్) టూల్‌తో నిమిషానికి 30 మీటర్ల కోత వేగం కావాలంటే 8 మి.మీ. జాబు 1200 చుట్లు తిరగాలి. ఒకపక్క బరువున్న క్యారియర్ ఆ స్పీడులో అదురుతుంది. పైగా పొడుచుకొచ్చిన దాని స్క్రూ చొక్కా చెయ్యిని పట్టి లాగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. స్పీడు తగ్గించి, టూల్‌ను బాగా పదునుపెట్టి చేసుకోవడమే నయం.

టెయిల్ స్టాక్‌లో (వెనక సెంటర్ పట్టే భాగం) రివాల్వింగ్ సెంటర్ (జాబుతో పాటే తిరిగేది) చాలు. లావాటి దాని మూతి టూల్‌కు అడ్డమొస్తే, పక్క చెక్కేసిన హాఫ్ సెంటర్ వాడి గ్రీజు పెట్టండి. దాన్ని గట్టిగా బిగించి వదిలేయకూడదు. 200 మి.మీ. స్టీలు 50 డిగ్రీలు వేడెక్కితే 0.11 మి.మీ. సాగుతుంది. సాగడానికి చోటు లేకపోతే వంగుతుంది. ప్రతి కట్ తర్వాత కాస్త వదులు చేసి మళ్లీ ఆనించాలి. కొసల్లో గుంత తొలిచే సెంటర్ డ్రిల్ కూడా చిన్నదే వాడాలి, 8 మి.మీ. రాడ్డుకు 1.6 మి.మీ. మొనది సరిపోతుంది.

నా మాటైతే, జాబును ఒక్కసారి పట్టి పూర్తిచేయగలిగితే చక్, వెనక సెంటర్. రెండు కొసలూ ఒకదానికొకటి సరిపోవాలంటే రెండు సెంటర్లు. పొడవు వ్యాసానికి పది పన్నెండు రెట్లు దాటితే ఏ పద్ధతైనా ఫాలో రెస్ట్ (టూల్‌తో పాటే నడుస్తూ జాబుకు వెనక ఆనే ఊత) కట్టాల్సిందే. టెయిల్ స్టాక్ వైపు కొంచెం మేర సైజుకు తిప్పి, రెస్ట్ వేళ్లు దానికి ఆనించి, అక్కణ్ణుంచి హెడ్ స్టాక్ (చక్ ఉండే కొస) వైపు కోస్తూ పోవాలి. టూల్ అంచు జాబుకు లంబంగా, ముక్కు సన్నగా ఉండాలి. 0.8 మి.మీ. గుండ్రటి ముక్కున్న ఇన్సర్ట్‌తో (టూల్ కొసన బిగించే కోత పలక) 0.2 మి.మీ. లోతు కట్ ఇస్తే అది కోసేదానికన్నా తోసేదే ఎక్కువ.

కట్ అయ్యాక మైక్రోమీటర్‌తో మూడు చోట్ల కొలవండి. నడుమ లావుంటే వంగినట్టు, అప్పుడు రెస్ట్ చూసుకోండి. ఒక కొస నుంచి రెండో కొసకు వరసగా లావవుతూ పోతే టెయిల్ స్టాక్ పక్కకు జరిగినట్టు. టెయిల్ స్టాక్ కొసన 0.04 మి.మీ. లావుంటే, దాన్ని టూల్ వైపుకు 0.02 జరపాలి.